సాధనం – సాధన

పాఠం ఉద్దేశం

వెల లేకుండా లభించే కొన్ని కంప్యూటర్ ఉపకరణాలను పరిచయం చేయడం, వృత్తిలో వాటిని సద్వినియోగం చేసుకోవడానికి అవసరమైన అలవాట్లను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రతి వృత్తికీ తగిన పనిముట్లు ఉంటాయి. నేతగానికి మగ్గం, వడ్రంగికి ఉలి, బాడిస, స్వర్ణకారునికి మూస, పట్టకారు. వాటిని సమకూర్చుకోవాలంటే సొమ్ము కావాలి. మంచి పనిముట్టుకు మంచి వెల. కంప్యూటర్ వృత్తిలో మాత్రం ఒక విశేషం ఉంది. పెద్ద సంస్థల్లోని నిపుణులు నిత్యం వాడే ఉపకరణాలలో అనేకం మారుమూల పల్లెలోని విద్యార్థికి సైతం పైసా ఖర్చు లేకుండా లభిస్తాయి. పనిముట్టు ఇద్దరికీ ఒక్కటే అయినప్పుడు పనితనంలో భేదం ఎక్కడి నుండి వస్తుంది? సాధన నుండి వస్తుంది. 'సాధనం', 'సాధన' అనే మాటల నడుమ భేదం ఒక్క సున్న మాత్రమే. ఆ సున్నలోనే వృత్తి రహస్యమంతా ఇమిడి ఉంది.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒకే మాట 'వెల లేనిది' అనే అర్థాన్నీ, 'స్వేచ్ఛ గలది' అనే అర్థాన్నీ ఇస్తుంది. తెలుగులో ఈ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఈ తేడాను కంప్యూటర్ లోకానికి గట్టిగా చాటినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేస్తున్న కాలంలో, అక్కడి ముద్రణ యంత్రంలో కాగితం ఇరుక్కున్నప్పుడల్లా ఆ సంగతి వాడుకదారులకు తెలిసేలా దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నారు. తరువాత వచ్చిన కొత్త యంత్రానికి అట్టి మార్పు చేయడం సాధ్యపడలేదు. దాని మూల రచనను, అనగా ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, పంచుకోవడానికి దానిని కలిగినవారు అంగీకరించలేదు. తన ఎదుట ఉన్న యంత్రాన్ని తానే బాగుచేసుకోలేని ఆ స్థితి ఆయనను ఆలోచింపజేసింది. 1983లో ఆయన 'గ్నూ' ప్రణాళికను ప్రకటించారు. 1985లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థను నెలకొల్పారు. ఒక ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకోవడం, దాని నిర్మాణాన్ని పరిశీలించి మార్చుకోవడం, ప్రతులను పంచిపెట్టడం, మార్చిన ప్రతులను కూడా పంచిపెట్టడం అనే నాలుగు స్వేచ్ఛలు ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని ఆయన సిద్ధాంతం.

వెల లేనంత మాత్రాన స్వేచ్ఛ ఉన్నట్లు కాదనడానికి చరిత్రలోనే నిదర్శనం ఉంది. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ రచనలో ప్రపంచమంతటి నుండి ఎందరో పాల్గొన్నారు. వారు చేసే మార్పులను క్రమబద్ధం చేయడానికి 2002 నుండి 'బిట్‌కీపర్' అనే ఉపకరణాన్ని వాడారు. అది వారికి ఉచితంగానే లభించింది కాని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. 2005లో యజమానులు ఆ ఉచిత అనుమతిని ఉపసంహరించారు. వేలాది ఫైళ్లతో కూడిన పని ఒక్కసారిగా ఆధారం కోల్పోయే పరిస్థితి ఏర్పడింది. అప్పుడు టోర్వాల్డ్స్ తానే 'గిట్' అనే కొత్త ఉపకరణాన్ని రాయడం మొదలుపెట్టారు. కొద్ది వారాల్లోనే లినక్స్ రచన దానిపై ఆధారపడి సాగింది. నేడు లోకంలోని ప్రోగ్రామర్లలో అధిక సంఖ్యాకులు దానినే వాడుతున్నారు.

గిట్ చేసే పని ఒక దినచర్య పుస్తకం చేసే పని వంటిది. ఏ మార్పు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్నది అందులో నమోదవుతుంది. పొరపాటు జరిగితే నిన్నటి స్థితికి మరలిపోవచ్చు. ఒకే ప్రాజెక్టుకు 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అని పేర్లు పెట్టి, చివరకు వాటిలో ఏది చివరిదో తెలియక తికమకపడే విద్యార్థికి గిట్ నేర్చుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

పనిముట్ల పెట్టె

ప్రోగ్రాము రాయడానికి మొదట కావలసినది అక్షర సంపాదకం. ఉత్తరాలు, నివేదికలు రాసే సాఫ్ట్‌వేర్ ఈ పనికి తగదు. అది అందం కోసం నిటారు ఉద్ధరణ చిహ్నాలను వంపు చిహ్నాలుగా మారుస్తుంది, కంటికి కనిపించని అలంకరణ సమాచారాన్ని ఫైలులో చేరుస్తుంది. మనిషి కంటికి ఆ మార్పు అల్పమే కాని కంప్యూటర్ దానిని తప్పుగా గ్రహిస్తుంది. 2003లో డాన్ హో రూపొందించిన 'నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్', 1991లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ వెలువరించిన 'విమ్' ఇందుకు అనువైనవి. విమ్ వాడేవారు ఇష్టముంటే ఉగాండాలోని నిరుపేద బాలల సహాయానికి తోచినంత ఇవ్వవలసిందని మోలెనార్ కోరారు. ఆయన 2023లో మరణించారు. ఆయన రాసిన సంపాదకం నేటికీ వాడుకలో ఉంది.

పెద్ద ఫైళ్లను కుదించడానికి రష్యాకు చెందిన ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన '7-జిప్' ఉపయోగపడుతుంది. కుదింపులోని కిటుకు సులభమైనదే. ఒక గ్రంథంలో ఒకే పదబంధం నూరు మార్లు వచ్చినట్లయితే దానిని ఒక్కసారి రాసి, తక్కిన చోట్ల 'ఇన్ని అక్షరాలు వెనుకకు వెళ్లి, ఇన్ని అక్షరాలు తెచ్చుకో' అని గుర్తు రాస్తే చాలు. అందువల్లనే పునరుక్తి ఎక్కువగా ఉండే రాతఫైళ్లు బాగా కుదించుకుపోతాయి. ఫోటోలు, చలనచిత్రాలు సాధారణంగా ముందే కుదించి ఉంటాయి కనుక వాటిని మరల కుదించినా ప్రయోజనం స్వల్పం. ఈ సూత్రం తెలిసినవాడు ఫోటోలను కుదించడానికి గంటల కొద్దీ కాలం వృథా చేయడు.

'వి.ఎల్.సి.' అనే దృశ్యశ్రవణ ఉపకరణం విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగినది. 1996లో 'ఎకోల్ సెంట్రాల్ పారిస్' విద్యార్థులు తమ ఆవరణలోని నెట్‌వర్క్ ద్వారా వీడియోలు ప్రసారం చేయాలని తలపెట్టిన ప్రాజెక్టే దానికి మూలం. 2001లో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లోకానికి అందింది. కళాశాల ప్రాజెక్టు మార్కులతోనే ముగిసిపోనక్కరలేదని అది చాటుతున్నది.

నెట్‌వర్క్‌లో సమాచారం ఎలా ప్రయాణిస్తున్నదో చూపే ఉపకరణం 'వైర్‌షార్క్'. 1998లో గెరాల్డ్ కోంబ్స్ దీనిని 'ఈథీరియల్' అనే పేరుతో వెలువరించారు. 2006లో దాని పేరు మారింది. పుస్తకంలో చదివిన నెట్‌వర్క్ నియమాలను ఇది కళ్లకు కట్టినట్లు చూపుతుంది. అయితే సొంత నెట్‌వర్క్‌లోనో, అనుమతి పొందిన చోటనో మాత్రమే దీనిని వాడాలి. ఇతరుల సమాచారాన్ని తొంగిచూడడం నేరం.

ప్రతులు భద్రపరచడం

ఉపకరణాలను సమకూర్చుకోవడం ఒక పూట పని. అలవాట్లను సమకూర్చుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. వాటిలో మొదటిది ప్రతులు భద్రపరచడం. 1998లో పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' చలనచిత్రాన్ని నిర్మిస్తున్న సమయంలో పొరపాటున జారీ అయిన ఒక ఆదేశం వల్ల చిత్రానికి సంబంధించిన ఫైళ్లలో చాలా భాగం చెరిగిపోయింది. భద్రపరచిన ప్రతుల కోసం వెదకగా అవి సరిగా లేవని అప్పుడు తెలిసింది. సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ ప్రసవానంతరం ఇంటి నుండి పనిచేయడానికి చిత్రం ప్రతిని తన ఇంటి కంప్యూటర్‌లో ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా కార్యాలయానికి తెచ్చారు. ఎందరో కళాకారుల శ్రమ ఆ విధంగా దక్కింది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రాత్రివేళ అలసటలో ఒక సర్వర్‌కు బదులు మరొక సర్వర్‌లోని సమాచారాన్ని తొలగించారు. పొరపాటు గ్రహించి ఆపేలోగా దాదాపు 300 గిగాబైట్లలో మిగిలినది 4.5 గిగాబైట్లే. ప్రతులు భద్రపరచడానికి ఐదు మార్గాలు ఏర్పాటై ఉండగా, అవసరం వచ్చిన ఆ క్షణాన వాటిలో ఏదీ నమ్మదగిన స్థితిలో లేదు. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు అదృష్టవశాత్తు తీసి ఉంచిన ఒక ప్రతి వల్ల మిగతా సమాచారం దక్కింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం తిరిగి రాలేదు. ఆ సంస్థ ఈ సంఘటనను దాచిపెట్టక వివరాలన్నిటినీ బహిరంగంగా ప్రకటించింది. ఇతరులు దాని నుండి పాఠం నేర్చుకోగలిగారు.

ఈ రెండు సంఘటనలు చెప్పే నీతి ఒక్కటే. ప్రతి తీసి ఉంచడం సగం పని. ఆ ప్రతి నుండి సమాచారాన్ని మరల రాబట్టగలమని అప్పుడప్పుడు పరీక్షించి చూడడం మిగతా సగం. నిపుణులు పాటించే '3-2-1 సూత్రం' విద్యార్థులకు కూడా ఉపకరిస్తుంది. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేర్వేరు మాధ్యమాలపై ఉండాలి. ఒకటి వేరొక చోట ఉండాలి. ఒకే గదిలోని మూడు ప్రతులను ఒక్క అగ్నిప్రమాదమే హరించగలదు.

వేలిముద్ర సరిచూడడం

ఉచితమైన ఉపకరణాన్ని ఎక్కడి నుండి తెచ్చుకోవాలి అన్నది రెండవ ప్రశ్న. దానిని రూపొందించినవారి అధికారిక స్థానం నుండే తెచ్చుకోవాలి. అదైనా సరిచూడాలి. 2016 ఫిబ్రవరి 20న దుండగులు 'లినక్స్ మింట్' వెబ్‌సైటులో చొరబడి, అసలు ఫైలుకు దారితీసే లంకెను మార్చి, దొంగచాటు ద్వారం అమర్చిన నకిలీ ఫైలు దిగుమతి అయ్యేలా చేశారు.

ఫైలు అసలుదో కాదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. 'షా-256' అనే గణన పద్ధతి ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాంకెల గుర్తును ఇస్తుంది. అది మనిషి వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. రూపకర్తలు ప్రకటించిన గుర్తుతో మన ఫైలు గుర్తును పోల్చి చూడడం నిమిషం పని. 7-జిప్ ఉన్న కంప్యూటర్‌లో ఫైలుపై మౌస్ కుడి మీట నొక్కి ఈ గుర్తును పొందవచ్చు. అయితే వెబ్‌సైటే దుండగుల చేతిలో పడితే అక్కడి గుర్తును కూడా వారు మార్చగలరు. అందువల్ల రూపకర్తల డిజిటల్ సంతకంతోగాని, మరొక స్థానంలో ప్రకటించిన గుర్తుతోగాని సరిచూడడం మేలు.

నవీకరణను వాయిదా వేయకపోవడం మరొక అలవాటు. 2017 మే 12న 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను స్తంభింపజేసింది. బ్రిటన్‌లోని ఆసుపత్రులలో చికిత్సలు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలలు ముందుగా, మార్చిలోనే, విడుదల చేసింది. మందు వచ్చిన తరువాత కూడా వేసుకోనివారే అధికంగా బాధపడ్డారు.

తెలుగు అక్షరానికి అంకె

తెలుగు విద్యార్థికి తన భాషలోనే సాధన చేయదగిన అంశం మరొకటి ఉంది. ఒకప్పుడు తెలుగు ఫాంట్లలో పలువురు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను తమకు తోచినట్లు అమర్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ రాత అర్థం లేని గుర్తుల పోగుగా కనిపించేది. యూనికోడ్ ప్రమాణం ఈ సమస్యను తీర్చింది. అందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయింపబడ్డాయి. 'క' అక్షరం సంఖ్య 3093. ఫాంటు ఏదైనా, దేశం ఏదైనా ఆ సంఖ్య మారదు. 'క్ష' అనేది చూపుకు ఒక్క అక్షరమే అయినా కంప్యూటర్ దానిని క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా భద్రపరుస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. సర్వసాధారణమైన యు.టి.ఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఈ సంగతి తెలియని ప్రోగ్రామర్ ఇరవై బైట్ల గడిని కేటాయించి, అందులో 'వెంకటేశ్వరరావు' పేరు పట్టక తెగిపోతే కారణం తెలియక విస్తుపోతాడు.

ఫాంట్ల విషయంలో కూడా స్వేచ్ఛా స్ఫూర్తి తెలుగుకు మేలు చేసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తెలుగు యూనికోడ్ తొలినాళ్లలో ఎందరికో ఆధారమయ్యాయి. నేడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అనే కవుల పేర్లు గల ఫాంట్లు స్వేచ్ఛా అనుమతితో ఎవరికైనా లభిస్తున్నాయి.

అర సెకను ఆలస్యం

ఈ అలవాట్లన్నిటికీ తలమానికం నిశిత పరిశీలన. దానికి 2024 మార్చిలో జరిగిన సంఘటన ఉత్తమ ఉదాహరణ. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక సమాచార నిధి సాఫ్ట్‌వేర్ వేగాన్ని పరీక్షిస్తున్నారు. ఆ సందర్భంలో, దూరపు కంప్యూటర్‌లోనికి ప్రవేశించడానికి వాడే 'ఎస్.ఎస్.హెచ్.' మునుపటి కంటే సుమారు అర సెకను ఆలస్యంగా స్పందిస్తున్నట్లు గమనించారు. ఎవరైనా అర సెకనే కదా అని విడిచిపెట్టగలిగినదే. ఆయన విడిచిపెట్టలేదు. 'పెర్ఫ్', 'వాల్‌గ్రైండ్' అనే స్వేచ్ఛా ఉపకరణాలతో కారణాన్ని అన్వేషిస్తూ వెళ్లగా, 'ఎక్స్‌జెడ్' అనే కుదింపు ఉపకరణం 5.6.0, 5.6.1 రూపాలలో ఎవరో దొంగచాటు ద్వారాన్ని అమర్చినట్లు బయటపడింది. మార్చి 29న ఆయన ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించారు. అప్పటికి ఆ రూపాలు ప్రధానంగా పరీక్షా దశలోని లినక్స్‌లలోనే చేరి ఉన్నాయి. ఆలస్యమైతే లెక్కలేనన్ని సర్వర్లు శత్రువు వశమయ్యేవి.

ఈ కథలో మరొక విషాదం కూడా ఉంది. లోకమంతా వాడే ఆ ఉపకరణాన్ని ఏళ్ల తరబడి పోషిస్తూ వచ్చినది దాదాపు ఒకే ఒక్క వ్యక్తి. అది ఆయనకు జీతం లేని సేవ. ఆయన అలసటను ఆసరాగా చేసుకొని, మారుపేరుతో ఒక వ్యక్తి సహాయకునిగా చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, ఆ నమ్మకాన్నే ఆయుధంగా మార్చుకున్నాడు. వాడుకొనేవారు కోట్ల మంది, చేయూతనిచ్చేవారు ఒకరిద్దరు అయినప్పుడు ఉచితమైన వస్తువుకు ఎవరో ఒకరు వెల చెల్లించవలసి వస్తుందని ఇది నిరూపించింది. మూల రచన అందరికీ తెరచి ఉన్నందువల్లనే ఆ మోసాన్ని సంబంధం లేని ఒక ఇంజనీరు కనిపెట్టగలగడం కూడా గమనింపదగినదే.

కాబట్టి ఉచిత ఉపకరణాన్ని స్వీకరించినవారికి ఒక ఋణం ఉంటుంది. ఆ ఋణాన్ని ధనంతోనే తీర్చనక్కరలేదు. లోపం కనిపించినప్పుడు ఏ రూపంలో, ఏమి చేయగా, ఏ సందేశం వచ్చిందో స్పష్టంగా రాసి రూపకర్తలకు తెలియజేయవచ్చు. వినియోగ సూచనలను తెలుగులోనికి అనువదించవచ్చు. తెలిసిన విద్యను పక్కవారికి నేర్పవచ్చు. వీటిలో దేనికీ పెద్ద ఉద్యోగం అవసరం లేదు. కళాశాల ప్రయోగశాలలోని ఒక పాత కంప్యూటర్, రోజుకు ఒక గంట శ్రద్ధ చాలు. సాధనం అందరికీ ఒక్కటే. సాధన ఎవరికి వారే చేయాలి.

కఠిన పదాలు – అర్థాలు

ఉపసంహరించు = వెనుకకు తీసుకొను
పునరుక్తి = చెప్పినదే మరల చెప్పడం
నవీకరణ = కొత్తదిగా చేయడం
తలమానికం = తలపై ధరించే మాణిక్యం, శ్రేష్ఠమైనది
నిశితం = వాడియైనది, సూక్ష్మమైనది

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు' అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. కంప్యూటర్ వృత్తిలో ప్రవేశించే విద్యార్థి అలవరచుకోవలసిన గుణాలను ఉదాహరణలతో వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రతులు భద్రపరచడంలో '3-2-1 సూత్రం' ప్రయోజనం ఏమిటి?
2. తెలుగు రాతకు యూనికోడ్ వల్ల కలిగిన మేలును తెలపండి.
3. అర సెకను ఆలస్యం ఒక పెద్ద ప్రమాదాన్ని ఎలా తప్పించింది?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. గిట్‌ను మొదట రాసినది ఎవరు?
2. వి.ఎల్.సి.కి మూలమైన ప్రాజెక్టును ఏ విద్యాసంస్థ విద్యార్థులు తలపెట్టారు?
3. యూనికోడ్‌లో తెలుగుకు ఎన్ని స్థానాలు ఉన్నాయి?

IV. విడదీసి, సంధి పేర్లు రాయండి.
1. విద్యార్థి 2. సద్వినియోగం 3. రహస్యమంతా

V. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
1. వేలిముద్ర 2. ఐదు మార్గాలు 3. అగ్నిప్రమాదం